క్యూ మీద కుంకుమ

మా ఇంట్లో దేవుడి గూటికంటే ఎత్తులో ఒక వస్తువు ఉండేది. నడింటి గోడకు కొట్టిన రెండు కొయ్య మేకుల మీద, పొడుగాటి నల్ల పెట్టెలో, మా ఆయన స్నూకర్ క్యూ పడుకుని ఉండేది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు స్నూకర్ అంటే ఏమిటో తెలియదు. ఆ పెట్టెలో తుపాకి ఉందేమో అనుకుని, కింద నుంచి నడిచేటప్పుడు తల వంచుకునేదాన్ని.

పచ్చ బట్ట పరిచిన పెద్ద బల్ల మీద రంగురంగుల బంతులు పెట్టి, ఒక తెల్ల బంతిని కర్రతో పొడిచి, దానితో మిగతావాటిని అంచుల్లో ఉన్న సంచుల్లో పడేయడం ఆ ఆట. ఆ కర్రనే క్యూ అంటారు. పెళ్లికి ముందు నుంచి ఆయన చిక్కబళ్లాపురంలో ఒక క్లబ్బులో మార్కర్‌గా పనిచేసేవారు. ఆడేవాళ్ల లెక్క బోర్డు మీద చూపించడం, బంతులు తిరిగి సర్దడం, బల్లకు బ్రష్ పట్టడం మార్కర్ పని. ఊరు విడిచి వెళ్లిపోతూ ఒక ముసలి మెంబరు తన క్యూను ఆయన చేతిలో పెట్టి వెళ్లారట. ఆ తర్వాత క్లబ్బు వదిలేసి మేము చింతామణికి వచ్చాం. ఒక పాత బల్ల కొని, మోటారు సైకిళ్లు బాగుచేసే అంగడి పైన ఒక గది బాడుగకు తీసుకుని, ఆయనే ఆట నడిపేవారు. క్యూ మాత్రం ఒక్కరోజు కూడా గదిలో వదిలి రాలేదు. రోజూ భుజాన వేసుకుని వెళ్లేవారు, భుజాన వేసుకుని వచ్చేవారు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మా వీధి అంగన్‌వాడిలో ఆడవాళ్లకు పెట్టిన సాక్షరత తరగతిలో ముందు కన్నడ అక్షరాలు వచ్చాయి. తెలుగువి మా ఆయన నేర్పించారు. కన్నడ వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు పక్కింటివాళ్ల ముఖాల్లా ఉంటాయి, రెండు రోజులు చూస్తే గుర్తుపడతాం. మా ఇంటి మాట తెలుగు కాబట్టి ఈ ఇంటి సంగతి తెలుగులోనే రాస్తున్నాను.

ఆయన ఆ క్యూను తుడవడం నేను ఎన్నో ఏళ్లు దూరం నుంచే చూశాను. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, చేతులు కడుక్కుని, చేతులు పూర్తిగా ఆరేదాకా కూర్చునేవారు. తర్వాత పెట్టె దించి మంచం మీద తెరిచేవారు. పాత పంచె చింపి చేసిన గుడ్డ ముక్కలు రెండు ఉండేవి. ఒకదాన్ని తడిపి, చుక్క రాలనంతగా పిండి, మొదలు నుంచి కొనదాకా ఒకే ఒక్కసారి లాగేవారు. ఆ తడి గాలికి ఆరకముందే రెండో గుడ్డతో, పొడి గుడ్డతో, గబగబా రుద్దేవారు. రుద్దగా రుద్దగా చెక్క వేడెక్కేది. వేడెక్కితే చాలు అనేవారు. కొనకు రోకలి పొన్నులాగే చిన్న ఇత్తడి పొన్ను ఉంటుంది. దాని మీద, బంతిని తాకే చోట, బొత్తం అంత తోలు ముక్క అంటించి ఉంటుంది. ఆ తోలు జారకుండా ఆడేటప్పుడు నీలం రంగు సుద్ద పూస్తారు. ఆ నీలం కొంత చెక్క లోపలికి దిగి, కొన దగ్గర ఎప్పుడూ సన్నటి నీడలా ఉండేది. దాన్ని మాత్రం ఆయన పోగొట్టాలని చూడలేదు.

కొన్ని నెలలకోసారి అవిసె నూనె పట్టించేవారు. అది కూడా రెండు మూడు చుక్కలే. నేనొకసారి ఇంట్లో ఉన్న ఆముదం తెచ్చి ఇచ్చాను.

"ఇది జిడ్డు మే. చేతిలో జారల్ల గానీ అంటుకోకూడదు. ఇది నా మోకాళ్లకు పెట్టు, దానికి వద్దు" అన్నారు.

క్యూను గోడకు ఆనించి నిలబెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు, తడి నేల మీద పెట్టకూడదు. ఇంత గారాబం మా పిల్లలకు కూడా జరగలేదని నేను అంటే, పిల్లలు వంగితే తిరిగి నిలబడతారు, చెక్క నిలబడదు అనేవారు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున కాఫీ గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారి పడింది. ఎత్తుకోబోతే చెయ్యి వెళ్లలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. చిక్కబళ్లాపురం ఆస్పత్రికి తీసుకుపోయాం. ప్రాణానికి భయం లేదన్నారు, ఇంటికి పంపారు. కాలు తొందరగానే దారికి వచ్చింది, గోడ పట్టుకుని నడిచేవారు. మాట కొంచెం ముద్దగా ఉన్నా తెలిసేది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన చోటే ఉండేది, వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టు.

ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి, రోజూ దాన్ని పిసకమని చెప్పింది. ఆయన ఆ బంతిని చూసి ముఖం తిప్పుకున్నారు.

"బంతిని చేత్తో ముట్టుకుంటే ఫౌల్ అని ఇన్నేండ్లు మందికి చెప్పినోణ్ణి నేను. ఇప్పుడు నాకే చేతిలో పెడతాండావా తల్లీ" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. బంతి కిటికీలోనే ఉండిపోయింది. ఆయన పగలంతా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. గది తాళంచెవులు రోజూ అక్కడ ఆడడానికి వచ్చే తన పాత స్నేహితుడికి ఇచ్చేశారు. బల్ల నువ్వే నడుపుకో అన్నారు. గది అతనికి అప్పగించినప్పుడు కూడా క్యూ పెట్టె మేకుల మీదే ఉంది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒక సాయంత్రం నేను ఇల్లు చిమ్ముతుంటే ఆయన పెట్టె వైపు చూస్తూ, "అది దించు" అన్నారు. నేను స్టూలు ఎక్కి దించాను. అన్నేళ్లలో అది నా చేతికి రావడం అదే మొదటిసారి. అనుకున్నంత బరువు లేదు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్న్యా."

"ఆరినాయా?"

ఆరలేదు. ఇద్దరం కూర్చున్నాం, నా చేతులు ఆరేదాకా. తర్వాత ఆయన చెప్తుంటే నేను తుడిచాను. మెల్లగా రుద్దితే వేగంగా అన్నారు, వేగంగా రుద్దితే నేను అంట్లు తోముతున్నానా అన్నారు. చెక్కలో సన్నగా గీతలు ఉంటాయి, బాణాల మొనల్లా ఒకదాని మీద ఒకటి. ఆ గీతల వెంబడే గుడ్డ పోవాలన్నారు. చివరికి ఓపిక పట్టలేక ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి గుడ్డ మీద పెట్టుకున్నారు. నేను క్యూ పట్టుకున్నాను. చెయ్యి ఊరికే గుడ్డ మీద కూర్చుని ఉంది, కదల్లేదు. నేను క్యూనే ఆ చేతి కింద ముందుకూ వెనక్కూ లాగాను.

అలా రోజూ చేసేవాళ్లం. ఎప్పుడు మొదలయిందో చెప్పలేను గానీ, ఒకరోజు నేను లాగడం ఆపినా గుడ్డ కొంచెం కదిలింది. బొటనవేలు. ఇంకొన్నాళ్లకు బొటనవేలు, చూపుడువేలు కలిసి చెక్కను పట్టుకున్నాయి. ఆస్పత్రి అమ్మాయికి చూపించడానికి క్యూను బస్సులో చిక్కబళ్లాపురం తీసుకెళ్లాం. పొడుగు పెట్టె చూసి కండక్టర్, "ఇది యేం వాయిద్యమప్పా" అని అడిగాడు. ఆ అమ్మాయి ఆయన చేతిని పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, బంతి ఇక అక్కర్లేదంది. నన్ను పక్కకు పిలిచి, "ఆ కర్ర ఉన్నంత వరకు ఆ చెయ్యి పని చేస్తుందమ్మా. మానుకోనివ్వద్దండి. ఇప్పుడు మానితే బిగుసుకుపోతుంది, తర్వాత నేనేమీ చేయలేను" అని చెప్పింది.

ఆ మాట నేను ఇంటికి తెచ్చుకుని ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో, తెలియదు.

ఆయుధ పూజకు మా వదిన వచ్చింది. ఆయనకు అక్క, మిట్టేమరిలో ఉంటుంది. వాళ్లది సేద్యం చేసే ఇల్లు. తమ్ముడు పడిపోయినప్పటి నుంచి పండుగ పబ్బం అని లేకుండా వచ్చి చూసి పోతూనే ఉంది. ఈసారి బాగేపల్లి మీదుగా బస్సు మారి, సంచి నిండా చేనులో పూసిన బంతిపూలు, రాగిపిండి, చెనిక్కాయలు మోసుకుని దిగింది. గుమ్మం దాటుతూనే తమ్ముడి కుడి చెయ్యి పట్టుకుని చూసింది. ఆయన ఆ వేళ్లతో ఆమె వేలిని మెల్లగా నొక్కారు.

"పట్టు వచ్చిండాది కదరా" అని కళ్లు తుడుచుకుంది. వెంటనే నా వైపు తిరిగి, "యేం పెడతాండావు మే వీనికి? ఇంత సన్నగా అయిండాడు" అని కూడా అంది.

పూజ రోజు పొద్దున గది నడిపే స్నేహితుడు ఆటో తీసుకుని వచ్చాడు. "అన్నా, నీ బల్ల, నీ చేత్తోనే టెంకాయ కొట్టల్ల" అని ఆయన్ను తీసుకుపోయాడు. నేను గుమ్మడికాయ, నిమ్మకాయలు తేవడానికి మార్కెట్టుకు వెళ్లాను. ఇంట్లో వదిన ఒక్కతే ఉంది.

మా వైపు సేద్యపు ఇళ్లలో ఆయుధ పూజ అంటే ముందు కడగడం. దున్నే మడకలు, కొడవళ్లు, పారలు, ట్రాక్టరు, అన్నీ కడిగి, ఎండలో పెట్టి, నూనె రాసి, విభూతి గీతలు పెట్టి, కుంకుమ పెడతారు. కడగని వస్తువుకు బొట్టు పెట్టరు. మా ఆయన మాత్రం ఏ ఏడూ క్యూను ముట్టనిచ్చేవారు కాదు, పెట్టె మీద ఒక పువ్వు పెట్టమనేవారు, అంతే. వదినకు అది ఎప్పుడూ మనసులో ముల్లుగానే ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది.

నేను తిరిగి వచ్చేసరికి వాకిట్లో కత్తిపీట, నా కుట్టు మిషను, కొడవలి, సుత్తి అన్నీ తళతళలాడుతూ బొట్లు పెట్టుకుని వరసగా ఉన్నాయి. నల్ల పెట్టె తెరిచి ఉంది. అందులో ఏమీ లేదు.

"వదినా, ఇందులోది యాడ?"

"మిద్దె మీద ఆరబెట్టినా. ఆరిపోయింటాది, నూనె గూడా పెట్టినా, బొట్టు గూడా పెట్టినా. పోయి చూడు మే, యెంత మురికి పోయిందో. నీలం నీళ్లు కారినాయి. దినామ్మూ ఇద్దరూ కూచోని తుడుస్తాండారంట, యేం తుడుస్తాండారో."

మిద్దె ఎక్కాను. రెండు ఇటుకలు దూరదూరంగా పెట్టి, వాటి మీద క్యూను అడ్డంగా పడుకోబెట్టింది. ఎండ నేరుగా పడుతోంది. సీకాయపొడి వేసి పీచుతో తోమినట్టుంది, పైనున్న మెరుపు అంతా పోయి చెక్క నూగు లేచి, తడిసి ఆరిన గోనెపట్టలా కనిపించింది. దాని మీద ఆముదం. కొనకు ఉన్న తోలు నాని ఊడిపోయింది. వెతికాను, కనిపించలేదు. కాకి ఎత్తుకుపోయి ఉంటుంది. మొద్దు వైపు, చెయ్యి పట్టే చోటుకు కొంచెం ముందు, మూడు విభూతి గీతలు, వాటి మధ్యలో తడి కుంకుమ. బొట్టు చక్కగా, గుండ్రంగా ఉంది.

ఎత్తి కంటి దగ్గర పెట్టుకుని, వంగిందేమోనని ఆయన చూసినట్టే ఒక కన్ను మూసి చూశాను. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చూసే చూపు అది, నాకు వచ్చు. కర్ర నడిమిలో వంగి ఉంది. ఎక్కువ కాదు. తెలియనివాళ్లు చూస్తే తిన్నగానే ఉందనుకుంటారు.

వదిన నా వెనకే మెట్లెక్కి వచ్చింది. నా ముఖం చూసి ఏమనుకుందో, గొంతు తగ్గించింది.

"ఇన్నేండ్లు వానికి అన్నం పెట్టింది ఈ కట్టె. ఒక్క పండక్కి గూడా దీనికి నీళ్లు పోయనిచ్చినోడు కాదు. వాని చెయ్యి పడిపోయినప్పటినుంచి నాకు ఇదే యోచన. దానికే మొక్కుకున్యా, ఈసారి నేనే కడిగి బొట్టు పెడతానని."

ఆమె చేతులు చూశాను. పీచు పట్టి తోమి తోమి వేళ్ల చివర్లు ముడతలు పడి ఉన్నాయి. ఆటో వచ్చిన చప్పుడు అయింది.

ఆయన స్నేహితుడి భుజం పట్టుకుని లోపలికి వచ్చారు. వదిన క్యూను రెండు చేతుల మీద పెట్టుకుని, కర్పూరం హారతి ఇచ్చి, తమ్ముడి ముందు పట్టింది.

"చూడ్రా. కొత్తదాని లెక్క అయిండాది."

ఆయన ఎడమ చేత్తో తీసుకున్నారు. కంటి దగ్గరికి ఎత్తారు. చాలాసేపు చూశారు. స్నేహితుడు కూడా వంగి చూసి, నోరు తెరవబోయాడు. ఆయన అతని వైపు ఒక చూపు చూశారు, అతను నోరు మూసుకున్నాడు.

"బాగుండాది అక్కా" అన్నారు.

వదిన ఆ మాటతో సంతోషంగా బొబ్బట్లు, మా వైపు ఓళిగలంటాం, తట్టింది, మరుసటి రోజు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. దిగబెట్టడానికి బస్టాండుకు వెళ్తే, "ఇంగ చూడు మే, వాని చెయ్యి యెట్ల లేస్తాదో" అని నాకు ధైర్యం కూడా చెప్పింది.

చెయ్యి లేవలేదు. ఆ రోజు నుంచి ఆయన కుడి చేతిని తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం అయితే ఇదివరకు తనే పెట్టె వైపు చూసేవారు, ఇప్పుడు కళ్లు మూసుకునేవారు. స్నేహితుడు వచ్చి బతిమాలాడు.

"అన్నా, అది పారేయి. బెంగళూరు నుంచి కొత్తది తెప్పిస్తా. ఇంతకన్నా మంచిది వస్తాది."

"చెయ్యి గూడా తెప్పిస్తావా అప్పా?" అన్నారు ఆయన. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. స్నేహితుడు నేనిచ్చిన కాఫీ సగం వదిలేసి వెళ్లిపోయాడు.

ఆస్పత్రి అమ్మాయి చెప్పిన మాట నాకు చెవిలో తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మానితే బిగుసుకుపోతుంది. అప్పటికే పొద్దున లేచేసరికి ఆయన వేళ్లు పిడికిలిగా ముడుచుకుని ఉండేవి, నేను ఒక్కొక్కటి విప్పి తలగడ మీద పరిచేదాన్ని. రబ్బరు బంతి తెచ్చి పెడితే దొర్లించి కిందికి తోసేశారు.

నాకు తెలిసిన పని ఒకటే ఉంది, తుడవడం. చెక్క తడిసింది కాబట్టి ముందు లోపలి తడి పోవాలి, ఎండ లేకుండా, తొందర లేకుండా. మా పిల్లల ఉయ్యాల కట్టిన కొక్కెం లోపలి గదిలో ఇంకా ఉంది. క్యూ మొద్దు వైపు మెత్తటి గుడ్డ చుట్టి, తాడు కట్టి, దానికి నిలువునా వేలాడదీశాను. ఏ గోడా తాకకుండా, ఏ పక్కకూ ఆనకుండా. ఆముదం పోవడానికి పొడి గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాను. గుడ్డ నిండా జిడ్డు. ఉతికి ఆరేసి, ఇంకో గుడ్డ. వంటింటి పని మధ్యలో, బియ్యం కడిగిన చేతులు ఆరగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన నడింట్లో, నేను లోపలి గదిలో. పిలవలేదు. పిలిస్తే రారని తెలుసు.

వానలు పోయి చలి మొదలయ్యేదాకా అలాగే సాగింది. ఒక సాయంత్రం నేను రుద్దుతుంటే నడింట్లోంచి గొంతు వచ్చింది.

"ఇంగా తడి ఉండాది."

"మీరు చూడకుండానే యెట్ల తెలుస్తాది?"

"శబ్దం చెప్తాండాది. ఆరింటే గుడ్డ కీచుమంటాది. నువ్వు రుద్దితే మజ్జిగ చిలికినట్టు ఉండాది."

మరునాడు మళ్లీ అదే. మెల్లగా అన్నారు, వేగంగా అన్నారు, గీతల వెంబడి పోవడం లేదన్నారు. నేను కావాలనే కొంచెం అడ్డంగా రుద్దాను. కావాలనే చేశానని ఇప్పుడు రాస్తున్నాను, ఆయన చదువుతారు కూడా. గోడ పట్టుకుని వచ్చే అడుగుల చప్పుడు వినిపించింది.

"ఇట్ల తే" అన్నారు.

తాడు విప్పి క్యూను ఆయన ఒళ్లో పెట్టాను. ఎడమ చేత్తో తువ్వాలు తీసి, కుడి చేతిని ఎత్తి గుడ్డ మీద పెట్టుకున్నారు. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. నేను విప్పలేదు. ఆయనే ఎడమ చేత్తో ఒక్కొక్కటిగా విప్పుకున్నారు. నేను క్యూను పట్టుకుని మొదట్లోలాగే లాగడం మొదలుపెట్టాను. మళ్లీ మొదటి నుంచి. బొటనవేలు తిరిగి కదలడానికి చాలా రోజులు పట్టింది, కానీ కదిలింది.

విభూతి ఎప్పుడో పోయింది. ఆముదం పోయింది. నూగు లేచిన చెక్క చెయ్యి తగిలి తగిలి నున్నబడింది. అప్పుడు అవిసె నూనె చుక్కలు పట్టించాం. పాత మెరుపులో సగం వచ్చింది. కుంకుమ మాత్రం పోలేదు. తడి కుంకుమ కదా, గీతల లోపలికి దిగిపోయి, చిటికెన వేలి గోరంత ఎర్ర మచ్చగా నిలిచిపోయింది. నేను దాని మీద గట్టిగా రుద్దబోతే ఆయన ఆపారు.

"పెట్టినోళ్లు ప్రేమతో పెట్టిండారు. ఉండనీ. నువ్వు రుద్దితే చెక్క పోతాది గానీ అది పోదు."

వంపు కూడా పోలేదు. కొంత తగ్గిందని స్నేహితుడు అన్నాడు, మర్యాదకు అన్నాడేమో. అతనే కొత్త తోలు ముక్క తెచ్చి అంటించి, ఆకురాయితో గుండ్రంగా చేసిపెట్టాడు.

ఒక మధ్యాహ్నం ఆయన గదికి పోదామన్నారు. ఆడడానికి కాదు, బల్ల మీద పెట్టి చూడడానికి అన్నారు. స్నేహితుడు ఆటో తెచ్చాడు. మెట్లెక్కడానికే చాలాసేపు పట్టింది. ఆ వేళకు ఆటగాళ్లెవరూ లేరు, కింద మోటారు సైకిళ్ల చప్పుడు ఒక్కటే. ఆయన కుర్చీలో కూర్చుని, క్యూను కంటి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతూ పోయారు. తిప్పడం కుడి చేత్తోనే. ఒక చోట ఆపారు. మళ్లీ ఒక చుట్టు తిప్పి, అదే చోట ఆపారు.

"ఇంద, నువ్వు చూడు మే."

నేను ఒక కన్ను మూసి చూశాను. కర్ర కుడికీ ఎడమకూ ఎటూ పోకుండా దారంలా తిన్నగా ఉంది.

"వంపు యేమయింది?"

"యాడికీ పోలేదు. కిందికి పోయిండాది. పక్కకు వంగితే బంతి దారి తప్పుతాది. కిందికి వంగితే దానికి యేం పోయింది, నేను సర్దుకుంటా. దీన్ని ఎప్పుడూ ఇట్లనే పట్టుకోవల్ల, అంతే. పైన యేముందో చూడు."

పైన కుంకుమ మచ్చ ఉంది. ఆకాశంలోకి చూస్తున్నట్టు నేరుగా పైకి.

స్నేహితుడు నవ్వడం మొదలుపెట్టాడు. "అక్క కొలిచి పెట్టినట్టు పెట్టింది కదన్నా" అన్నాడు. ఆలోచిస్తే నిజంగా వింతేమీ లేదు. ఇటుకల మీద ఎలా పడుకోబెట్టిందో అలాగే ఉంచి పైనుంచి బొట్టు పెట్టింది. బరువుకు కర్ర నడుము కిందికి దిగింది. బొట్టు పైన, వంపు కింద. అంతే.

ఆయన లేచి బల్ల అంచు పట్టుకున్నారు. స్నేహితుడు ఒక ఎర్ర బంతిని మూల సంచికి దగ్గరగా పెట్టాడు, తెల్ల బంతిని దానికి ఎదురుగా పెట్టాడు. చిన్నపిల్లలకు పెట్టినంత సులువుగా పెట్టాడని నాకు కూడా తెలిసింది. ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద పరిచి, కుడి చేత్తో క్యూను వెనక పట్టుకుని వంగారు. వంగిన తర్వాత ఆగి నా వైపు చూశారు.

"ఊరికే నిలబడద్దు. బోర్డు దగ్గరికి పో. మార్కర్ లేకుండా ఆట యేంది?"

నేను లెక్క చూపించే బోర్డు దగ్గరికి వెళ్లి ముల్లు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. కుంకుమ పైకి ఉందో లేదో చూసుకుని, చెయ్యి రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, పొడిచారు. తెల్ల బంతి మెల్లగా పోయి ఎర్ర బంతిని తాకింది. ఎర్ర బంతి సంచి నోటి దాకా పోయి, అంచు మీద నిలబడిపోయింది.

స్నేహితుడు, "అయ్యో, ఒక్క వెంట్రుక" అన్నాడు.

"లెక్క చెప్పు" అన్నారు ఆయన నాతో.

"సున్నా" అన్నాను.

ఆయన నవ్వారు. మూతి ఇంకా కొంచెం పక్కకే లాగుతుంది, ఆ వంకర నవ్వుతోనే నవ్వారు. ఆ మధ్యాహ్నం సున్నాలే చెప్పాను. తర్వాతి వారం ఒకటి చెప్పాను.

మరుసటి ఏడు ఆయుధ పూజకు వదిన మళ్లీ బంతిపూల సంచితో దిగింది. ఈసారి ఆయన ఆమెను కూడా గదికి తీసుకుపోయారు. స్నేహితుడు నోరు ఆపుకోలేక, "అక్కా, ఈసారి నీళ్లు పోయద్దు తల్లీ, నీకు దండం పెడతా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సి వచ్చింది. వదిన బెంచీ మీద కూలబడింది.

"నిరుడే చెప్పింటే కాదారా? బాగుండాది అంటివే."

"చెప్పింటే యేం చేస్తావు? వంగింది తిరిగి వస్తాదా? నువ్వు ఏడుస్తా బస్సెక్కుతావు, అంతే కదా."

"చదువులేని మొద్దును, నాకేం తెలుస్తాది ఇవన్నీ" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను పక్కన కూర్చుని, నాకు చదువు వచ్చాక కూడా ఇవేమీ తెలియవని, ఆయన చెప్తేనే తెలిసిందని చెప్పాను. ఆమె వినిపించుకున్నట్టు లేదు. ఆయన క్యూను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, మచ్చ చూపించారు.

"ఇది చూడక్కా. దినామ్మూ చెయ్యి పడి పడి మసక అయిపోతాండాది. ఇది పోయిందంటే నాకు పైనేదో కిందేదో తెలీదు. దీని మీదనే మళ్లీ పెట్టు. కొంచెం."

వదిన కళ్లు తుడుచుకుని కుంకుమ భరిణ తీసింది. అలవాటు కొద్దీ వేలు తడుపుకోవడానికి నీళ్ల చెంబు కోసం చూసింది. చూసి, ఆగిపోయింది. తమ్ముడి ముఖం చూసింది.

"ఒక్క చుక్క గూడా వద్దా?"

ఆయన చెంబు ఆమె వైపు జరిపారు.

"ఒక్క చుక్క పెట్టుకో. లేకుంటే నిలబడదు."

ఆమె ఉంగరపు వేలు చెంబులో ముంచి, విదిల్చి, మళ్లీ విదిల్చి, కొంగుకు అద్ది, కుంకుమ తీసుకుని ఆ మచ్చ మీదే, అంచు దాటకుండా, పెట్టింది. ఆయన అది ఆరేదాకా క్యూను అలాగే ఆమె ఒళ్లో ఉండనిచ్చారు. ఆరాక పొడి గుడ్డ తీసుకుని కుడి చేత్తో మొదలు నుంచి కొన వైపు రుద్దుతూ వచ్చారు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఎత్తి, దాన్ని దాటించి, అవతల పెట్టి, మళ్లీ రుద్దారు.